ఒక బజారు, మూడు భాషా కుటుంబాలు

పిల్లలూ! నౌపడ నుంచి గుణుపురం పోయే రైలెక్కితే టెక్కలి దాటిన తర్వాత పాతపట్నం వస్తుంది. ఆ పక్కనే పర్లాకిమిడి. మొదటిది మన శ్రీకాకుళం జిల్లాలోది, రెండవది ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. నడుమ రాష్ట్రాల సరిహద్దు. ఆ సరిహద్దు గీసినది 1936లో. అప్పటిదాకా పర్లాకిమిడి కూడా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉండేది. పటం మీద గీత పడింది గాని, బజారుకు వచ్చే జనం మారలేదు. ఇవాళా కొండల మీది నుంచి చింతపండు, పసుపు, కొండచీపుర్లు, అడ్డాకుల మోపులు దిగుతాయి. పల్లం నుంచి బియ్యం, ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు ఎక్కుతాయి.

ఈసారి సంచీతో పాటు ఒక నోటుబుక్కు కూడా పట్టుకుని ఆ బజారుకు వెళ్ళండి. కొనడానికి కాదు, వినడానికి. సైన్సు అంటే పరీక్షనాళికలు, అయస్కాంతాలు మాత్రమే అనుకునేరు! చెవిన పడే మాటలను పరిశీలించి, పోల్చి, వర్గీకరించడం కూడా సైన్సే. దానిని భాషాశాస్త్రం అంటారు.

ఒక్క చిన్న సంఖ్య చాలు మనకు: 2. మనం ‘రెండు’ అంటాం. ఒడియా వర్తకుడు ‘దుయి’ అంటాడు. కొండ దిగి వచ్చిన సవర స్త్రీ ‘బాగు’ అంటుంది. మూడు మాటలకూ పోలికే లేదు, చూశారా? ఇప్పుడు కొంచెం దూరం పోదాం. మన ‘రెండు’కు తమిళంలో ‘ఇరండు’, కన్నడంలో ‘ఎరడు’ ఉన్నాయి. ఒడియా ‘దుయి’కి హిందీలో ‘దో’, లాటినులో ‘దుఓ’, రష్యనులో ‘ద్వా’, ఇంగ్లీషులో ‘టూ’ చుట్టాలు. సవర ‘బాగు’కు చుట్టం కావాలంటే ఇంకా ఉత్తరాన జార్ఖండు దాకా పోవాలి. అక్కడి సంతాలీ, ముండారీ భాషల్లో రెండును ‘బర్’ అంటారు.

ఒక మాట కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు. అది కాకతాళీయం కావచ్చు. నీటిని కూడా అడిగి చూడండి. తెలుగు ‘నీరు’, తమిళం ‘నీర్’, కన్నడం ‘నీరు’. ఒడియాలో ‘పాణి’, హిందీలో ‘పానీ’. సవరలో ‘దా’, సంతాలీలో ‘దాక్’. సముద్రం దాటి కంబోడియా వెళితే అక్కడి ఖ్మేరు భాషలో ‘టక్’ వంటి మాట వినిపిస్తుంది. అదీ ఈ కుటుంబపు మాటే! ఇలా అనేక మాటలు, వ్యాకరణం పోల్చి చూసి పండితులు తెలుగును ద్రావిడ కుటుంబంలోను, ఒడియాను ఇండో-ఆర్యన్ శాఖలోను, సవరను ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబపు ముండా శాఖలోను చేర్చారు. ఐరోపా నుంచి ఆగ్నేయాసియా దాకా చెట్ల మాదిరి వ్యాపించిన మూడు మహా కుటుంబాల కొమ్మలు చీపుర్ల బేరం దగ్గర ఒకదానికొకటి తగులుతున్నాయన్న మాట.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పక్కపక్కనే వందల ఏళ్ళు బతికిన భాషలు ఒకటే కుటుంబం కావా? కావు. వరి మడి గట్టు మీద కంది వేస్తారు. నీరొకటే, నేలొకటే. అయినా వరి గడ్డి కుటుంబానిది, కంది చిక్కుడు కుటుంబానిది. కాకపోతే ఒక తేడా ఉంది: వరి కందిని చూసి కాయ కాయదు, భాషలు మాత్రం పక్కదాని మాటలు ఇట్టే పుచ్చుకుంటాయి. అందుచేత బస్సు, టిక్కెట్టు, సబ్బు వంటి మాటలతో కుటుంబం తేల్చకండి. పంచమి, సప్తమి చూసి తెలుగు సంస్కృతానికి బిడ్డ అనుకోవడమూ పొరపాటే. శరీరభాగాలు, నీరు, నిప్పు, చిన్న చిన్న సంఖ్యలు – వీటిని పట్టుకోండి. ఇవి సామాన్యంగా అరువు రావు.

ఈ పని చేసిన ఒకాయన ఎవరో తెలుసునా? ఒక బడిపంతులు! శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను మనం తలుచుకుంటాం. కాని ఆయన సవర నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు డెబ్భై అయిదు. చుట్టూ ఉన్నవారు ‘కొండ భాష’ అని తీసిపారేసిన దానిలో ఆయనకు ఒక పూర్తి వ్యాకరణం కనిపించింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సవర లెక్క వినండి: అబోయ్, బాగు, యాగి, ఉంజి, మొన్లోయ్, తుడ్రు, గుల్జి, తమ్జి, తింజి, గల్జి. ఇది పది. పదకొండు గల్మూయ్, పన్నెండు మిగ్గల్. (ఊరూరికీ పలుకుబడి కాస్త మారుతుంది.) మరి పదమూడో? మనమైతే పది, మూడు కలుపుతాం. వారు ‘మిగ్గల్‌బోయ్’ అంటారు – పన్నెండు, ఒకటి! పంతొమ్మిది ‘మిగ్గల్‌గుల్జి’, అంటే పన్నెండు, ఏడు. ఇరవైకి వచ్చేసరికి కొత్త మెట్టు: ‘బోకుడి’, అంటే ఒక ఇరవై. అక్కడి నుంచి ఇరవైల లెక్క.

93 ఎలా చెప్పాలి? ఉంజి కుడి మిగ్గల్‌బోయ్. విడదీస్తే 4 × 20 + 12 + 1. ఫ్రెంచివారు కూడా 93ను ‘నాలుగు ఇరవైల పదమూడు’ అనే అంటారు. వారు ఆ పదమూడు దగ్గర ఆగిపోయారు. సవరలు దానినీ పన్నెండు, ఒకటిగా విడదీశారు. నన్నడిగితే సవర లెక్కే ముచ్చటైనది.

పన్నెండును మెట్టుగా పెట్టుకోవడం వింత ఏమీ కాదు. అదే బజారులో అరటిపళ్ళు డజన్ల లెక్కన అమ్మడం మీరు చూస్తూనే ఉంటారు. పదిని 2, 5 మాత్రమే భాగిస్తాయి. పన్నెండును 2, 3, 4, 6 భాగిస్తాయి. పళ్ళను ముగ్గురు పంచుకోవాలంటే ఏది సులువో మీరే చెప్పండి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సవర మాట్లాడేవారు సుమారు 4 లక్షలు. ఆ భాషకు 1936లో మంగై గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ అనే లిపిని కల్పించారు. మన వైపు తెలుగు లిపిలోను, ఒడిశాలో ఒడియా, రోమను లిపుల్లోను కూడా రాస్తారు. 2004లో మన రాష్ట్రంలో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర ఒకటి. అయితే బేరం తెలుగులోనో ఒడియాలోనో సాగుతుంది. ఎక్కాలు బడి భాషలో వల్లిస్తారు. రూపాయలు లెక్కించే చోట వినిపించని సంఖ్య ఇంట్లో ఎన్నాళ్ళు నిలుస్తుంది? నా తరగతిలో సవర పిల్లలను వారి లెక్క చెప్పమంటే పది దాకా చకచకా చెప్పి, పన్నెండు దాటగానే తెలుగులోకి దిగిపోయేవారు. వెనుక బెంచీ నుంచి ఎవరైనా నవ్వితే ఆ పదీ కూడా మానేసేవారు.

మీరు చేయవలసిన ప్రయోగం ఇదే. గుప్పెడు చింతపిక్కలు జేబులో వేసుకోండి. బేరాలు సద్దుమణిగాక, చీపుర్లమ్మే అమ్మనో, పసుపు తెచ్చిన తాతనో, మీ తోటి విద్యార్థినో అనుమతి అడిగి కూర్చోండి. ‘మీ భాషలో సంఖ్యలు చెప్పండి’ అంటే తికమక పడతారు. పిక్కలు ఒక్కొక్కటే నేల మీద పెట్టి లెక్కించమనండి. విన్నది విన్నట్టు రాయండి, మీ ఇష్టం వచ్చినట్టు దిద్దకండి. పుస్తకంలో అయిదు గళ్ళు గీయండి: తేదీ, ఊరు, వయసు, భాష, సొంత మాటల్లో ఎంతదాకా లెక్కించారు. పేర్లు రాయనక్కరలేదు. ఇరవై మందిని అడిగిన తర్వాత వయసును అడ్డంగా, ఆ చివరి సంఖ్యను నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. పెద్దవాళ్ళ దగ్గర గీత ఎక్కడుందో, మీ ఈడు పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఎక్కడికి దిగిందో గమనించండి. తెలుగు, ఒడియా మాట్లాడేవారికీ ఇదే పరీక్ష పెట్టండి. మీ తరగతిలో ‘డెబ్భై తొమ్మిది’ అనేవారెందరు, ‘సెవెంటీ నైన్’ అనేవారెందరు? ఆ గ్రాఫు కూడా పక్కనే గీయండి.