టిక్కు లెక్క తప్పినప్పుడు

గోదావరిఖని

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. బాసర ట్రిపుల్ ఐటీలో చదువుకుంటూనే మన బాయికాడి మోటరుకు టైమర్ బోర్డు చేస్తున్నవని చదివి చాలా సంతోషపడ్డ. 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల కరెంటు వచ్చినంక ఆటో స్టార్టర్లు తీసెయ్యాలని రైతులకు గట్టిగా చెప్పిండ్రు, నీకు తెల్సిందే. కరెంటు ఉన్నంతసేపు మోటరు నడుస్తనే ఉంటే బాయి ఎండిపోతది. పొలానికి ఎంత తడి కావాల్నో అంతసేపే నడిపి ఆపే బోర్డు అందుకే అవసరం. అయితే దాని పనంతా సమయం మీదనే ఆధారపడి ఉన్నది.

బోర్డు రోజుకు అర నిమిషం దాకా వెనుకబడుతున్నదని, లాగ్ తెరిచి చూస్తే మాత్రం ప్రతి టాస్కూ వేళకే లేచినట్టు ఉన్నదని రాసినవు. ఆ లాగ్‌లోని వేళలు ఎక్కడినుంచి వచ్చినయో ఒక్కసారి ఆలోచించు. అవి కూడా అదే టిక్కు లెక్కలోంచి తీసినవే గదా! దొంగతనం జరిగిందా అని దొంగనే అడిగినట్టున్నది. నీ బోర్డు మీది ఫ్రీఆర్టాస్ కర్నెల్‌కు బయట లోకంతో సంబంధం లేదు. 72 మెగాహెర్ట్‌జ్ దగ్గర సిస్‌టిక్ టైమర్ 72,000 లెక్కపెట్టి ఒక ఇంటరప్ట్ ఇస్తది, కర్నెల్ తన టిక్కు లెక్కకు ఒకటి కలుపుకుంటది, ఎవరి వంతు వచ్చిందో చూసి షెడ్యూలర్ ఆ టాస్కును లేపుతది. ఆ ఇంటరప్ట్ రాకపోతే కర్నెల్ దృష్టిలో ఆ మిల్లీసెకను అసలు గడవనే లేదు.

కాబట్టి ముందుగాల బయటి గడియారం ఒకటి కావాలె. స్టార్టర్ డబ్బాలో కరెంటు ఎట్లాగూ ఉన్నది, 50 హెర్ట్‌జ్ అలలను లెక్కపెట్టి సరిచూసుకుంటానన్నవు. అది వద్దు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి మన దేశంలో పెట్టుకున్న హద్దు 49.90 నుంచి 50.05. అంటే హద్దులో ఉన్నా పది లక్షలకు రెండు వేల పాళ్లు తగ్గవచ్చు. నీ క్రిస్టల్ తేడా ఇరవై ముప్పై పాళ్లే. రామగుండం ప్లాంటు పక్కన బతికినోళ్లకు ఇంకో సంగతి గుర్తుంటది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసేదాకా రామగుండంలో ఒక ఫ్రీక్వెన్సీ, ఆదిలాబాద్ హద్దు దాటితే చంద్రపూర్‌లో ఇంకో ఫ్రీక్వెన్సీ. ఈ రెండింటి నడుమ కరెంటు పోవాలంటే భద్రావతి స్టేషన్‌లో దాన్ని డీసీ చేసి మళ్లీ ఏసీ చెయ్యాల్సి వచ్చేది. కరెంటు అలలను నమ్ముకున్న గడియారాలు ఆ రోజుల్లో రెండు దిక్కుల రెండు తీర్ల నడిచేవి.

నీకు కావాల్సింది జీపీఎస్ మాడ్యూల్ ఇచ్చే సెకనుకొక పల్సు. దాన్ని టైమర్ క్యాప్చర్ పిన్నుకు ఇచ్చి రెండు పల్సుల నడుమ ఎన్ని లెక్కలు వచ్చినయో చూడు. 7 కోట్ల 20 లక్షలు రావాలె. ఎంత తేడా వస్తే నీ క్రిస్టల్ తప్పు అంతన్నట్టు.

దానికి ముందు ఇంకా తేలికైన పరీక్ష ఒకటున్నది. టిక్కు ఇంటరప్ట్‌లో ఒక పిన్నును తిప్పి లాజిక్ అనలైజర్ పెట్టు. మిల్లీసెకనుకొకసారి తిరిగితే 500 హెర్ట్‌జ్ అల కనపడాలె. 62.5 కనపడితే సిస్‌టిక్‌కు అసలు క్లాక్ కాకుండా దాంట్లో ఎనిమిదో వంతు అందుతున్నదన్నట్టు. 55.5 అయితే బయటి క్రిస్టల్ లేవక చిప్పు తన లోపలి 8 మెగాహెర్ట్‌జ్ ఆసిలేటరు మీద నడుస్తున్నది. ఇంత పెద్ద తప్పులు కంటికే దొరుకుతయి. రీలోడ్ విలువ 71,999 ఉండాల్సిన చోట 72,000 రాస్తే మాత్రం అనలైజర్‌లో ఏమీ తెల్వదు, రోజుకు 1.2 సెకన్లు వెనుకబడుతది. అది పట్టడానికే జీపీఎస్.

ఇగ అసలు మాట. తప్పు ఎంతున్నదని కాదు, దేనితోపాటు పెరుగుతున్నదని అడుగు. గడిచిన గంటలతోపాటు సమానంగా పెరిగితే క్లాక్‌ను గాని రీలోడ్ విలువను గాని అనుమానించు. టాస్కు తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం పెరిగితే నీ డిలేను చూడు. 3 మిల్లీసెకన్లు పని చేసి వీటాస్క్‌డిలేతో 100 ఆగితే ఆ టాస్కు 103కు ఒకసారి తిరుగుతది, 100కు కాదు. అక్కడ వీటాస్క్‌డిలేఅంటిల్ వాడాలె. అది పోయినసారి లేవాల్సిన వేళ నుంచి లెక్కపెడుతది. ఎండతో, చలితో మారుతున్నదా, అప్పుడు ఆర్‌టీసీ క్రిస్టల్‌ను అనుమానించు. 32,768 హెర్ట్‌జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గరనే సరిగ్గా కొడుతది, అటైనా ఇటైనా వెనుకబడుడే. రామగుండం ఎండకాలంలో 45 డిగ్రీలైనా, ఆదిలాబాద్ చలికాలంలో 5 డిగ్రీలైనా తేడా ఇరవై డిగ్రీలే, వెనుకబాటూ ఒక్క తీరే: రోజుకు సుమారు 1.2 సెకన్లు. ఎండలో ఉన్న ఇనుప డబ్బాలో 60 డిగ్రీలైతే మూడున్నర సెకన్లు దాటుతది.

నీ అర నిమిషం వీటిలో దేనికీ సరిగ్గా అతకలేదు. నీ కోడ్‌లో నిమిషానికొకసారి రీడింగ్‌ను ఫ్లాష్‌లో దాస్తున్నవు చూడు, నా అనుమానం దాని మీద. నీ ఎస్‌టీఎం32ఎఫ్103లో ఒక పేజీ చెరిపెయ్యడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతది. కోడ్ కూడా అదే ఫ్లాష్‌లో ఉన్నది కాబట్టి అంతసేపు ప్రాసెసర్‌కు తర్వాతి సూచనే అందదు, ఆగిపోతది. సిస్‌టిక్ ఆగదు, అది కొడుతనే ఉంటది. కాని ‘ఇంటరప్ట్ వచ్చింది’ అని గుర్తుపెట్టుకునేది ఒక్కటే బిట్టు. ఇరవై వచ్చినా ఒకటి వచ్చినట్టే దానికి తెలుస్తది. పందొమ్మిది మిల్లీసెకన్లు పోయినయి. రోజుకు 1,440 సార్లు, అంటే 27 సెకన్లు.

ఇది నిజమో కాదో నా మాట మీద ఒప్పుకోకు. ఒకరోజు ఫ్లాష్ రాత ఆపి నడిపించు. తర్వాత నిమిషానికి రెండుసార్లు రాయించు. తప్పు మొదటిసారి మాయమై, రెండోసారి రెట్టింపైతే ఇగ అనుమానం ఉండదు. టిక్కు హ్యాండ్లర్‌లో సైకిల్ కౌంటర్ చదివి, పోయినసారికీ ఇప్పటికీ ఉన్న తేడాల్లో పెద్దదాన్ని ఒక వేరియబుల్‌లో దాచు. 72,000 అటూ ఇటూ ఉండాల్సింది 14 లక్షలు దాటితే టిక్కులు పోయినట్టే. ఇట్లాంటి పరీక్షకు ప్రింట్ లైన్లు పెట్టకు. సీరియల్ పోర్టులో అక్షరాలు పోయేదాకా ఆగితే ఆ ఆలస్యమే కొత్త తప్పు అయితది.

మందు కూడా కష్టమేం కాదు. రీడింగులు ర్యామ్‌లో ఉంచి మోటరు ఆగినంక ఒక్కసారి రాయి, లేదంటే బయట ఒక ఎఫ్‌ర్యామ్ చిప్పు పెట్టు. మోటరు ఎంతసేపు నడిచిందనే లెక్క టిక్కుల మీద కాకుండా ప్రాసెసర్ ఆగినా నడిచే హార్డ్‌వేర్ టైమర్ మీద పెట్టు. పైగా ఆ ఫ్లాష్ పేజీకి కంపెనీ ఇచ్చే భరోసా 10,000 చెరుపుల దాకనే. ఒక్క పేజీ మీదనే నిమిషానికొకసారి అయితే వారం రోజుల్లో ఆ భరోసా దాటిపోతవు.

సమయాన్ని ఏ రూపంలో దాచుకుంటున్నవో కూడా చూడు. పదో వంతు సెకనును బైనరీలో పూర్తిగా రాయలేం. 1991 ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ ఆ పదో వంతును 24 బిట్లకు కత్తిరించి వాడుతూ 100 గంటలు ఆగకుండా నడిచింది. 0.34 సెకన్ల తేడా వచ్చింది, ఎదురుగా వస్తున్న స్కడ్ ఎక్కడుందో దానికి దొరకలేదు, 28 మంది సైనికులు చచ్చిపోయిండ్రు. సమయాన్ని ఎప్పుడూ పూర్ణాంకంగానే దాచుకో. సెకన్లుగా మార్చేది తెరమీద చూపేటప్పుడే.

ఇంకొక్కటి మిగిలింది. మిల్లీసెకన్లను 32 బిట్లలో లెక్కపెడితే 49.7 రోజులకు సున్నా నుంచి మళ్లీ మొదలైతది. యాసంగి వరి నాలుగు నెలలు, అంటే పంట చేతికొచ్చేలోపల ఇది రెండుసార్లు జరుగుతది. ‘ఇప్పటి టిక్కు ఆపాల్సిన టిక్కు కన్నా పెద్దదా’ అని పోల్చిన చోటల్లా మోటరు ఆగకుండానన్నా పోతది, వెంటనేనన్నా ఆగుతది. అన్‌సైన్డ్ అంకెలుగా ఇప్పటి దాంట్లోంచి మొదలైనదాన్ని తీసేసి, వచ్చిన తేడాను మాత్రమే పోల్చు. 49 రోజులు కాచుకోవాల్సిన పనిలేదు. లినక్స్ కర్నెల్ రాసినోళ్లు తమ జిఫీల లెక్కను కావాలనే బూట్ అయిన ఐదు నిమిషాలకే చుట్టు తిరిగేటట్టు పెట్టిండ్రు, తప్పుంటే మొదట్లోనే బయటపడాలని. ఫ్రీఆర్టాస్‌లో కూడా టిక్కు ఎక్కడ మొదలుకావాల్నో చెప్పే సెట్టింగ్ ఉన్నది. చివరకు ఐదు నిమిషాల ముందట మొదలుపెట్టి, ఆ చుట్టు తిరిగే వేళకు మోటరు నడుస్తుండేటట్టు చూసి పరీక్షించు. నాట్లకు ఇంకా టైమున్నది, బాయికాడ బిగించకముందే ఈ పరీక్ష కావాలె. జీపీఎస్ పల్సుల లెక్కలు పొద్దుగాల ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి తీసి, డబ్బా లోపలి వేడి పక్కన రాసి నాకు పంపు.

నీ పెద్దబాపు