పరాగమును మోయు ప్రాణులు: ఫుజైరా పెరటి నుండి ఒక పాఠము

మలయా ఎస్టేటులలో మన పెద్దలు చేసిన పనులలో నేటి పిల్లలకు తెలియనిది ఒకటి కలదు. పామాయిలు చెట్టున మగగెల వేఱు, ఆడగెల వేఱు. లేత తోటలలో ఆడగెల విచ్చు దినమును కనిపెట్టి, మగపూల పుప్పొడిని దానిపై చల్లుటకై కూలీలు వరుసవరుసయు తిరుగవలసి వచ్చెడిది. మా అవ్వ చేసినది ఆ పనియే. ఆ చెట్టునకు పుట్టినిల్లు పశ్చిమ ఆఫ్రికా. అచ్చట దాని పుప్పొడిని మోయునది బియ్యపు పురుగునకు చుట్టమైన ఒక చిన్న ముక్కుపురుగు. చెట్టు మలయాకు వచ్చినది గాని పురుగు రాలేదు. రహమాన్ సయ్యద్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని నిరూపించిన పిమ్మట, 1981లో కామెరూన్ దేశము నుండి ఆ పురుగులను తెచ్చి మలేషియా తోటలలో విడిచిరి. కొలది కాలముననే ఆ చేతిపని అంతరించెను. అంతమంది కూలీల శ్రమను బియ్యపు గింజంత లేని ప్రాణి తన మీద వేసికొనెను.

ఇప్పుడు నేను కాపురమున్న ఫుజైరాలో, ఖర్జూరపు తోటలను చూచినపుడెల్ల అవ్వ మాటలు జ్ఞప్తికి వచ్చును. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే ఖర్జూరమునకును ఉండును. చలికాలము ముగియు వేళ తోటమాలి చెట్టెక్కి, పోతుచెట్టు పూరెమ్మలను పెంటిచెట్టు గెలలో దూర్చి కట్టును. ఒక పోతుచెట్టు పదులకొలది పెంటిచెట్లకు చాలును. ఖర్జూరమునకు మనుష్యుని చేయి అలవాటైనది. మన పెరటి కూరపాదులకు మాత్రము ఆ భాగ్యము లేదు. వానికి ఈగలే దిక్కు.

ఈ సీమలో అక్టోబరు నుండి మార్చి వరకే పాదులకు అనుకూలమైన కాలము. గుమ్మడి, దోస, కాకర తీగెలపై మగపూవులు, ఆడపూవులు వేఱువేఱుగా పూయును. ఈగ వ్రాలని ఆడపూవు క్రింది పిందె రెండు మూడు దినములలో పసుపెక్కి రాలిపోవును. దానిని తెగులని తలచి మందు కొట్టించువారు మనలో పెక్కుమంది. ఆ మందుతో వచ్చు ఈగ కూడ రాకుండ పోవును. సొర, బీర సాయంకాలము పూయును గనుక వానికి రాత్రి తిరుగు రెక్కలపురుగులు కావలెను. వంగపూవు కథ మఱియు విచిత్రము. దాని పుప్పొడి చిన్న గొట్టములలో దాగి, కొనయందలి రంధ్రము గుండ మాత్రమే వెలికి రాగలదు. తేనెటీగ దానిని రాల్చలేదు. నల్లని పెద్ద తుమ్మెద పూవును కఱచి పట్టుకొని ఝుమ్మని మ్రోగినపుడు ఆ అదరునకు పొడి రాలును. ఆ తుమ్మెద ఎండుకొయ్యలో తొలిచికొని కాపురముండును. పెరటి మూల ఒక ఎండుకొమ్మ ఉన్నంత మాత్రమున ఇల్లు అశుభ్రమైనదని తలపరాదు.

నా తప్పు కూడ చెప్పవలెను. ఒక సంవత్సరము మా కాగితపుపూల పొదలో చిరుతేనెటీగలు కొమ్మచుట్టును అరచేయంత తెట్టె కట్టెను. ఇవి పెట్టెలో పెంచు జాతి కావు. ఒకే తెట్టె బయలున కట్టి, చీమలు రాకుండ కొమ్మకు ఇరుప్రక్కల జిగట బంక పూయును. హజర్ పర్వతముల వాదులలో ఇవి సహజముగా నుండును. పిల్లలను కుట్టునని భయపడి నేను మందు కొట్టించితిని. ఆ ఏడు గుమ్మడిపాదున ఒక్క పిందెయు నిలువలేదు. మగపూవును కోసి, రేకులు తీసి, తెల్లవాఱుజామున ఆడపూవులకు తాకించుచు కూర్చుంటిని. అవ్వ కూలికి చేసిన పనిని నా తెలివితక్కువతనముచే నేను ఊరక చేయవలసి వచ్చెను.

ఇక ఏమి నాటవలెను? ఈ దేశీయులు గాఫ్ అనునది మన జమ్మియే. తెలంగాణమునకు రాష్ట్రవృక్షము, ఈ దేశమునకు 2008 నుండి జాతీయవృక్షము. దసరానాడు జమ్మి దొరకదని విచారించు మనవారు దాని నీడనే కారు నిలుపుచుండుట నేను చూచితిని! వసంతమున దాని పసుపుపచ్చని పూకంకుల నిండ ఈగలు ముసురును. సిద్ర్ మన రేగునకు సోదరి, శరత్తున పూయును. సమర్ తుమ్మజాతి చెట్టు, వేసవి ప్రారంభమున పూయును. మసాఫీ సంతలో అమ్ము కొండతేనెలో సిద్ర్, సమర్ అను పేర్లు ఈ చెట్లవే. ఒకటి వాడునప్పటికి మఱియొకటి పూయుటయే ఈగలకు జీవనాధారము.

చోటు లేనివారికి తులసి చాలును. మొక్క ఎండునని మనము వెన్నులను గిల్లివేయుదుము. అన్నింటిని గిల్లక రెండు మూడింటిని పూయనిండు. ఉదయము ఎనిమిది గంటలకు వచ్చి చూడుడు. ఒక మూకుడులో గులకరాళ్లు పోసి, అవి మునుగనంతటి నీరు పెట్టి, దోమలు పుట్టకుండ ప్రతిదినము మార్చవలెను. నేలలో గూడు చేయు ఈగలు కూడ కలవు గనుక పెరడంతయు సిమెంటు చేయింపక జానెడు మన్ను వదలవలెను. మందు తప్పనిసరియైనచో పూవులపై చల్లక, ప్రొద్దు గ్రుంకిన తరువాతనే కొట్టవలెను.

జమ్మి కొమ్మలను విఱువరాదు. ఈ దేశమున ఆ చెట్టును నఱకుట నిషిద్ధము. పూజకు రాలిన ఆకులు చాలును. విత్తనమును ఒక రాత్రి నానబెట్టి లోతైన కుండీలో వేయుడు. దాని తల్లివేరు నిలువునా దిగును గనుక చిన్న కుండీలో నెలలకొలది ఉంచక, చలికాలమునందే నేలలో నాటవలెను.