రోదసిలో చేయి చాచడం ఎలా?

కంప్యూటరు తెర మీద రోదసి నౌకలను కట్టే ఆటలు మీలో కొందరు ఆడే ఉంటారు. 'స్పేస్ ఇంజనీర్స్' అలాంటి ఆటల్లో ఒకటి. దిమ్మెలు పేర్చినట్లు ఒక్కొక్క భాగాన్నే పేర్చి నౌకను కడతారు. ఆ భాగాల్లో చాలామందికి నచ్చేది పిస్టను. మీట నొక్కితే చాలు, ముడుచుకొని ఉన్నది కాస్తా బారుగా సాగుతుంది. దాని చివర తొలిచే యంత్రాన్ని బిగిస్తే గనిలోకి దిగుతుంది.

ఈ ఆట ఆడినవారికి ఇంకొక అనుభవం కూడా ఉంటుంది. పొడవు చాలలేదని ఒక పిస్టను చివర మరొకటి, దాని చివర ఇంకొకటి బిగిస్తారు. అంతే! ఆ పొడవాటి చేయి ఊగడం మొదలుపెడుతుంది. ఒక్కొక్కసారి నౌకే ముక్కలవుతుంది.

ఇది ఆటలోని లోపమా? లేక నిజమైన రోదసిలోనూ ఇంతేనా? ఆటలో కంప్యూటరు వేసే లెక్కల్లో కొన్ని తికమకలున్న మాట నిజమే. కాని సాగే భాగాలతో నిజమైన ఇంజనీర్లు పడిన పాట్లు అంతకన్న తక్కువేమీ కావు. అవేమిటో చూద్దాం.

ముడవడం ఎందుకు?

ఉపగ్రహం రాకెట్టు ముక్కులో కూర్చొని ప్రయాణం చేస్తుంది. ఆ చోటు చాలా ఇరుకు. జేమ్స్ వెబ్ టెలిస్కోపునే తీసుకోండి. 2021 డిసెంబరు 25న దాన్ని మోసుకుపోయిన ఏరియన్-5 రాకెట్టు ముక్కు వెడల్పు సుమారు 5.4 మీటర్లు. టెలిస్కోపు అద్దం వెడల్పు 6.5 మీటర్లు! దాని ఎండ తెర అయితే 21 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. మరి ఎలా పట్టింది? అద్దాన్ని రెక్కలు ముడిచినట్లు ముడిచారు. తెరను చీర మడత పెట్టినట్లు పెట్టారు. పైకి వెళ్ళాక రెండు వారాల పాటు ఒక్కొక్క మడతే విప్పుకొంటూ వచ్చారు.

మూడు ఉపాయాలు

మొదటిది బందు. తలుపు రెక్క బందు మీద తిరిగినట్లు, సౌరఫలకాలు బందుల మీద తిరిగి తెరచుకొంటాయి. తెరిచే బలం సాధారణంగా స్ప్రింగుదే.

రెండవది చుట్ట. వడ్రంగి వాడే ఉక్కు టేపును చూశారు కదా? దాని అడ్డుకొలత చదునుగా ఉండదు, దోనెలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే దానికి బలం. టేపు గుంట పైకి ఉండేటట్లు పట్టుకొని ముందుకు లాగండి. చాలా దూరం నిటారుగా నిలుస్తుంది. బోర్లించి లాగండి. త్వరగా మడతపడి వాలిపోతుంది. ఈ ఉపాయాన్నే కెనడా ఇంజనీరు జార్జ్ క్లైన్ ఆంటెన్నాలకు వాడాడు. చుట్టలోంచి బయటికి రాగానే ఉక్కు రేకు తనంతట తాను గొట్టంలా ముడుచుకొంటుంది. 1962లో ఎగిరిన కెనడా తొలి ఉపగ్రహం అలూయెట్-1 ఇలా రెండు ఆంటెన్నాలను చాపింది. వాటిలో పొడవైనది ఈ కొన నుంచి ఆ కొనకు 45.7 మీటర్లు!

మూడవది మడత కంబం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ భూమి ఎత్తుపల్లాలను రాడారుతో కొలిచింది. అందుకోసం 60 మీటర్ల కంబాన్ని పక్కకు చాపింది. లోపల ఉన్నప్పుడు అది సుమారు 3 మీటర్ల పెట్టెలో ఇమిడింది. 87 చట్రాలు ఒకదాని వెనుక ఒకటి విచ్చుకొంటూ బయటికి వచ్చాయి.

పాత ట్రాన్సిస్టరు రేడియో ఏరియలులా గొట్టంలో గొట్టం దూర్చితే పోదా అంటారా? అలాంటివీ ఉన్నాయి. కాని శూన్యంలో మామూలు నూనెలు ఆవిరైపోతాయి. పైపొర అరిగిన లోహాలు ఒకదానికొకటి అంటుకుపోవచ్చు కూడా. అందుకే ఒరుసుకొనే భాగాలు ఎంత తక్కువైతే అంత మేలు.

మూడు నియమాలు

ఇక చేయి చాచితే ఏం జరుగుతుందో చూద్దాం.

ఒకటి: పొడవు పెరిగితే వంగుడు విపరీతంగా పెరుగుతుంది. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున నొక్కిపెట్టి 10 సెంటీమీటర్లు బయటికి ఉంచండి. చివర చిన్న బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలవండి. ఇప్పుడు 20 సెంటీమీటర్లు బయటికి లాగి, అదే బరువు వేలాడదీయండి. వంగుడు రెండింతలు కాదు, దాదాపు ఎనిమిదింతలు ఉంటుంది! పొడవు ఘనాన్ని బట్టి వంగుడు పెరుగుతుందన్నమాట.

"రోదసిలో బరువే ఉండదు కదా, వంగడం ఏమిటి?" అని అడుగుతారేమో. బరువు తెలియకపోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. నౌక జెట్లు మండించి కదిలితే, చేయి చివరనున్న వస్తువు జడత్వం వల్ల వెనుకబడుతుంది. అప్పుడు చేయి వంగుతుంది. తర్వాత ఊగుతుంది. ఆ ఊపును తగ్గించడానికి గాలి కూడా లేదు. ఎండీవర్ కక్ష్యను సరిచేసేటప్పుడు జెట్లను కంబం ఊపుకు అనుగుణంగా సమయం చూసి మండించవలసి వచ్చింది ఇందుకే.

రెండు: చేయి ముందుకు పోతే నౌక వెనక్కి పోతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రం. మొత్తం 1000 కిలోల నౌకలో 10 కిలోల భాగాన్ని 10 మీటర్లు బయటికి నెట్టామనుకోండి. ఆ భాగం నిజానికి ముందుకు కదిలేది 9.9 మీటర్లే. మిగిలిన 990 కిలోలు 0.1 మీటరు, అంటే 10 సెంటీమీటర్లు వెనక్కి కదులుతాయి. 10ని 9.9తో, 990ని 0.1తో హెచ్చవేసి చూడండి. రెండూ 99 వస్తాయి. తూకం సరిపోయింది!

మూడు: తిరిగే నౌక చేతులు చాచితే నెమ్మదిస్తుంది. గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చొని, రెండు చేతుల్లో రెండు లావు పుస్తకాలు పట్టుకొని, చేతులు గుండెకు హత్తుకోండి. స్నేహితుణ్ణి మెల్లగా తిప్పమనండి. ఇప్పుడు చేతులు బార్లా చాపండి. వేగం తగ్గుతుంది. మళ్ళీ ముడవండి. వేగం పెరుగుతుంది. దీన్నే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అంటారు. నిమిషానికి 20 సార్లు తిరిగే ఉపగ్రహం చేతులు చాచినందువల్ల దాని జడత్వ భ్రామకం 4 రెట్లయితే, అది ఇక నిమిషానికి 5 సార్లే తిరుగుతుంది.

తెరచుకోకపోతే?

లెక్కలన్నీ సరిగా వేసినా ఒక భయం మిగిలే ఉంటుంది. మీట నొక్కాక ఆ భాగం కదలకపోతే?

మన దేశానికి ఆ దెబ్బ 1982లో తగిలింది. ఆ ఏడాది ఏప్రిల్ 10న ఎగిరిన ఇన్సాట్-1ఎ ఉపగ్రహానికి సౌరఫలకాలు ఒక పక్కనే ఉన్నాయి. సూర్యకాంతికి కూడా కొద్దిపాటి నెట్టుడు ఉంటుంది. ఒక పక్కనే నెడితే ఉపగ్రహం తిరిగిపోతుంది. అందుకని రెండవ పక్కన ఒక పొడవాటి కర్ర, దాని చివర తెరచాప అమర్చారు. ఆ తెరచాప విచ్చుకోలేదు. ఉపగ్రహాన్ని నిలకడగా ఉంచడానికి ఇంధనం ఖర్చయిపోయింది. ఏళ్ళ తరబడి పనిచేయవలసిన ఉపగ్రహాన్ని ఆ సెప్టెంబరులోనే వదులుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టు 30న వెళ్ళిన ఇన్సాట్-1బి సౌరఫలకం కూడా మొరాయించింది. సెప్టెంబరు మధ్యకు గాని పూర్తిగా తెరచుకోలేదు. కాని ఈసారి మన ఇంజనీర్లు గెలిచారు. ఆ ఉపగ్రహం ఏళ్ళ తరబడి దేశానికి టెలివిజన్, టెలిఫోన్ సేవలు అందించింది.

గురుగ్రహానికి వెళ్ళిన గెలీలియో నౌకదీ ఇదే కథ. గొడుగులాంటి దాని పెద్ద ఆంటెన్నాను 1991 ఏప్రిల్‌లో తెరవబోతే కొన్ని ఊచలు అతుక్కుపోయి కదలలేదు. ఎన్ని విధాల ప్రయత్నించినా ఆ గొడుగు విచ్చుకోలేదు. చివరికి చిన్న ఆంటెన్నాతోనే, నత్తనడకన, ఫొటోలు పంపించుకోవలసి వచ్చింది.

మనుషులు అందుబాటులో ఉంటే సంగతి వేరు. 1973 మే 14న ఎగిరిన స్కైలాబ్ కేంద్రానికి ఒక సౌరరెక్క ఊడిపోయింది. రెండవదాన్ని ఒక అల్యూమినియం పట్టీ బిగబట్టింది. జూన్ 7న పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్ బయటికి వెళ్ళి ఆ పట్టీని కత్తిరించారు. అయినా రెక్క కదలలేదు. తాడు కట్టి ఇద్దరూ బలంకొద్దీ లాగారు. రెక్క ఒక్కసారిగా విడివడింది. ఆ ఊపుకు ఇద్దరూ గిరవాటు పడ్డారు. బొందుతాళ్ళు కట్టుకొని ఉన్నారు గనుక సరిపోయింది!

2023లో గురుగ్రహానికి బయలుదేరిన జ్యూస్ నౌకలోనూ 16 మీటర్ల ఆంటెన్నా ఒకటి ఇరుక్కుంది. కారణం ఒక చిన్న సీల! ఇంజనీర్లు నౌకను ఎండకు తిప్పి వెచ్చబరిచారు, జెట్లతో కుదిపారు. చివరికి దగ్గరలోని మరొక విడుదల యంత్రాన్ని పేల్చినట్లు వదిలి కుదుపు ఇచ్చారు. మే 12న ఆంటెన్నా చాచుకొంది.

మీ వంతు

కదిలే కీలు ప్రతిదీ ఒక ప్రశ్న. "ఇది కదలకపోతే ఏం చేస్తావు?" అని అది అడుగుతూనే ఉంటుంది. జేమ్స్ వెబ్ కట్టినవారు అలాంటి ప్రశ్నలను లెక్కపెట్టారు. ఒక్కటి తప్పినా పని చెడే చోట్లు 344 తేలాయి! ఒక్కొక్కదానికీ ముందే పరీక్షలు చేశారు గనుకనే అన్నీ నెగ్గాయి.

ఈసారి మీరు ఆటలో నౌకను కట్టేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. అవసరానికి మించి ఒక్క పిస్టను కూడా పెట్టవద్దు. చివర బరువు తగ్గించండి. నెమ్మదిగా చాపండి. ఆపైన, ముడుచుకొన్న చేయి తెరచుకోకపోతే నౌక ఇంటికి తిరిగి రాగలదా అని ఒకసారి ఆలోచించండి. ఆలోచించారంటే మీరు ఆట ఆడుతూనే ఇంజనీరు పని నేర్చుకొంటున్నట్లే.

లెక్క చేయండి: మొత్తం 2000 కిలోల నౌకలో 50 కిలోల భాగాన్ని 8 మీటర్లు బయటికి చాపితే నౌక ఎంత వెనక్కి కదులుతుంది?

(జవాబు: 20 సెంటీమీటర్లు)