కీ దొరకనప్పుడు

మనవరాలు పైథాన్ నేర్చుకుంటోంది. "తాతయ్యా, ఈ కీఎర్రర్ రాకుండా ఏం చేయాలి?" అంది. రాకుండా చేయడం ఎంతసేపు! అది రావాల్సిన చోటు ఏదో తెలియడానికే నాకు ఏళ్లు పట్టింది.

1. డిక్షనరీలో లేని కీని స్క్వేర్ బ్రాకెట్లతో అడిగితే పైథాన్ కీఎర్రర్ అంటుంది. గెట్‌తో అడిగితే నన్ ఇస్తుంది. డిఫాల్ట్ చెప్పి ఉంటే అదే ఇస్తుంది. ఒకప్పుడు నేను అన్నిచోట్లా గెట్ పెట్టి, డిఫాల్ట్‌గా సున్నా ఇచ్చి మురిసిపోయేవాణ్ని.

2. ఆ మురిపెం ఒక జీతాల ప్రోగ్రాంతో తీరింది. డేటా పంపేవాళ్లు ఒక నెల నైట్ అలవెన్సు కీ పేరు మార్చేశారు. నా కోడు కిక్కురుమనలేదు. రాత్రంతా మేలుకున్నవాళ్లందరికీ సున్నా వేసి చీటీలు ముచ్చటగా ప్రింటు చేసింది. వాచ్‌మన్ ఒకాయన చీటీ పట్టుకొచ్చి, "సార్, నేను రాత్రుళ్లు రాలేదా?" అన్నాడు. ప్రోగ్రాం ఆగిపోయి ఉంటే నాకు నాలుగు తిట్లు పడేవి, ఆయనకు ఒకరోజు ఆలస్యంగానైనా డబ్బు పూర్తిగా పడేది. అప్పటినుంచి తప్పక ఉండాల్సిన కీని బ్రాకెట్లతోనే అడుగుతున్నాను. గెట్ మాత్రం రెండో ఫోన్ నంబరులాంటి, ఉన్నా లేకున్నా సరిపోయే వాటికే.

3. కీ ఉండి, దాని విలువే నన్ అయితే గెట్‌కిచ్చిన డిఫాల్ట్ అక్కరకు రాదు. జేసన్‌లో నల్ వచ్చినప్పుడు జరిగేది ఇదే. దీనికి మందుగా గెట్ పక్కన 'ఆర్ 10' తగిలిస్తారు కొందరు. అప్పుడు నిజమైన సున్నా ఉన్నచోట కూడా పది వచ్చి కూర్చుంటుంది.

4. లేని కీకి తానే డిఫాల్ట్ ఇచ్చే డిఫాల్ట్‌డిక్ట్ 2006లో, పైథాన్ 2.5తో వచ్చింది. గుంపులుగా పోగేసే పనికి హాయి. కాకపోతే బ్రాకెట్లతో ఊరికే తొంగిచూసినా లేని కీని పుట్టిస్తుంది. ఉందో లేదో చూడ్డానికి 'ఇన్' వాడు. లెక్కపెట్టడమే పనైతే కౌంటర్ మేలు: లేనిదానికి సున్నా అంటుంది, తనలో ఏమీ చేర్చుకోదు.

5. కీఎర్రర్‌ను పట్టుకోవాల్సి వస్తే, ట్రైలో కీని అడిగే ఆ ఒక్క లైనే ఉంచు. పది లైన్లు పెడితే లోపల ఇంకెక్కడో వచ్చిన కీఎర్రర్ కూడా ఇదేననుకుని పట్టేస్తావు. పట్టాక పాస్ అని వదిలేయకుండా, ఏ కీ లేదో, ఏ రికార్డులో లేదో లాగ్‌లో రాయి. అర్ధరాత్రి ఫోన్ వస్తే నిద్రకళ్లతో ముందు వెతుక్కునేది ఆ లైనునే.