నోరు కట్టుకున్నా తగ్గట్లేదా?

ఏమ్మా చెల్లీ, రాత్రిపూట అన్నం మానేశావు. చక్కెర లేని కాఫీ అలవాటు చేసుకున్నావు. తెల్లారకముందే పార్కు చుట్టూ తిరుగుతున్నావు. అయినా వెయింగ్ మిషన్ ముల్లు కదలదు. పైగా పెళ్లికెళ్తే పెద్దవాళ్ల పలకరింపు: "ఏంటే, ఇంతలా ఒళ్లు చేశావు?" ఇంటికొస్తే ఆయన: "కాస్త నోరు కట్టుకోవచ్చుగా!" కట్టుకున్న నోటితో ఏం సమాధానం చెప్తాం?

నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనం, బరువు దగ్గరికొచ్చేసరికి ఏళ్ల తరబడి మనల్ని మనమే తిట్టుకుంటూ కూర్చుంటాం. తప్పు నాదేగా, దీనికి డాక్టరేం చేస్తాడు అని. అదేం కాదమ్మా.

తిండి తగ్గిందని తెలియగానే, జీతం కోతపడిన నెలలో ఇల్లాలు ఖర్చులు బిగించినట్టు, ఒళ్లు కూడా తన ఖర్చు బిగిస్తుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి. అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అని బరువు తగ్గే పోటీ టీవీలో వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లంత బరువున్న మనిషికి మామూలుగా అయ్యే ఖర్చుకన్నా వాళ్ల ఒంట్లో రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చేసింది. కోచ్‌లను పెట్టుకుని, కెమెరాల ముందు చెమటోడ్చిన వాళ్ల సంగతే అదైతే, నీకు పట్టుదల లేదని ఎవరన్నా అంటే ఎందుకు నమ్ముతావ్?

"థైరాయిడే అయ్యుంటుందక్కా" అంటావేమో. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగేది మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ ఉప్పూ నీరే ఎక్కువ. 20 కిలోల పాపాన్నీ దాని నెత్తినే రుద్దలేం. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు మింగుతున్నావా? అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేయగలవు. కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు. రక్తం ఇవ్వకముందే ఆ సంగతి చెప్పు.

ఏదీ, నీ మెడ చూపించు. వెనకవైపు నల్లగా, మందంగా అయి, ఎంత రుద్దినా పోవట్లేదా? అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనే సూచన కావచ్చు. దానికి తోడు నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ గురించి అడుగు. గట్టిగా గురకపెట్టి, పగలంతా కునికిపాట్లు పడుతుంటే అదీ చెప్పాల్సిన విషయమే.

ఇక అందరూ మర్చిపోయేది మందుల సంచి. మానసిక సమస్యలకిచ్చే కొన్ని మాత్రలు, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, స్టెరాయిడ్లు, ఇవన్నీ బరువు పెంచగలవు. "స్టెరాయిడ్లా? నేనెప్పుడు వాడాను?" అంటావు. మోకాళ్ల నొప్పికని ఎవరో ఇచ్చిన పేరులేని పొడి పొట్లం సంగతేంటి? అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలున్నాయి. మూలికలతో సన్నబడతారని అమ్మే మాత్రల్లో సిబుట్రమిన్ బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. గుండెకి ముప్పని 2011లో మన దేశం నిషేధించిన మందది! సిగ్గుపడకుండా అన్నీ పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టు. అలాగని నీ అంతట నువ్వు ఏదీ ఆపకు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదకొస్తుంది.

"మరీ అంత లావేం కాదులే" అని వాయిదా వేస్తున్నావా? బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్నది పాశ్చాత్యుల లెక్క. మనకి అవి 23, 25. ఆడవాళ్లకి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటినా జాగ్రత్తపడమనే చెప్తారు. పొట్ట దగ్గర చేరే కొవ్వుతోనే మనకి తంటా.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడుగుతావని తెలుసు. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్‌తో ఒక పెద్ద పరీక్షలో 68 వారాలకి సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే బీపీ మాత్రలాగే ఇదీ ఏళ్ల తరబడి సాగే ఖర్చన్నమాట. బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. డాక్టరు చూడకుండా, వాట్సాప్‌లో ఎవరో పంపిస్తే పొడుచుకునే వస్తువు అంతకన్నా కాదు.

ముందు మీ మామూలు డాక్టరుకే చూపించుకో. అవసరమైతే ఆయనే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి పంపుతారు. హైదరాబాదులో ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లోనూ, విశాఖలో కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. వెళ్లేముందు వారం రోజులు తిన్నదంతా రాసుకో. కూర రుచి చూసింది, పిల్లలు వదిలేస్తే పారేయలేక నోట్లో వేసుకున్న ముద్ద, అన్నీ! వెళ్లగానే "20 కిలోలు తగ్గాలి" అనకు. 80 కిలోలున్నవాళ్లకి నాలుగు కిలోలు తగ్గినా షుగరు, బీపీల్లో తేడా తెలుస్తుంది.

ఒకవేళ "తిండి తగ్గించమ్మా" అని రెండు నిమిషాల్లో పంపించేయబోతే, కుర్చీలోంచి లేవకు. ఆ కాగితం ముందుపెట్టి, "నేను తినేది ఇదండీ, మరెందుకు తగ్గట్లేదో చూడండి" అని అడుగు. అప్పటికీ వినకపోతే రిపోర్టులు తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికెళ్లు. ఆ ఫైలు మాత్రం జాగ్రత్త, మళ్లీ మొదట్నుంచీ సూదులు పొడిపించుకోనక్కర్లేకుండా.