నేరం రక్తంలో ఉంటుందా?

"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా?" అని పెద్దలు అంటారు. వేప గింజ వేస్తే వేపే మొలుస్తుంది, నిజమే. మరి దొంగ కొడుకు దొంగే అవుతాడా? ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. ఈ ఏడాది మా హాస్టల్లో ఒకరి డబ్బులు కనబడకపోతే మేమంతా కలిసి ముందుగా ఒక మిత్రుడి పెట్టె తెరిపించాం. అతను పుట్టిన కులాన్ని ఊళ్ళో 'దొంగల కులం' అంటారు, అదొక్కటే కారణం. డబ్బులు పోగొట్టుకున్నవాడి లెక్కల పుస్తకంలోనే దొరికాయి. ఆ తర్వాత సైన్సు మాస్టారిని అడిగి, గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

జన్యువులు తల్లిదండ్రుల నుంచి మనకు వస్తాయి. రంగు, ఎత్తు మాత్రమే కాదు, కోపం, తొందరపాటు వంటి స్వభావాల్లో కూడా వాటి పాత్ర కొంత ఉందని శాస్త్రజ్ఞులు చెబుతారు. కానీ దొంగతనానికంటూ ఒక జన్యువు లేదు. ఏది నేరమో చెప్పేది చట్టం, రక్తం కాదు.

డెన్మార్కులో 14,427 దత్తతల వివరాలు పరిశీలించి 1984లో ఫలితాలు ప్రకటించారు. కన్నవారి మీదా పెంచినవారి మీదా ఏ నేరమూ లేని కొడుకుల్లో నూటికి 13.5 మందిపై నేరం రుజువైంది. కన్నవారిపై మాత్రమే నేరం ఉంటే ఆ సంఖ్య 20. అంటే పుట్టుక ప్రభావం కొంత కనిపించింది, దాన్ని దాచడం ఎందుకు? అయితే ఆ లెక్కనే రెండోవైపు నుంచి చూడండి. మిగిలిన 80 మందిపై ఏ నేరమూ రుజువు కాలేదు! హింసాత్మక నేరాల్లో అయితే కన్నవారితో అలాంటి సంబంధమే కనబడలేదు.

న్యూజిలాండులోని డునెడిన్ పట్టణంలో 442 మంది మగపిల్లలపై చేసిన పరిశోధన 2002లో వెలువడింది. మెదడులోని కొన్ని రసాయనాలను విడగొట్టే ఎంజైమును ఎం.ఎ.ఓ.ఎ. అనే జన్యువు తయారుచేయిస్తుంది. 163 మందిలో అది మందంగా పనిచేసే రకం ఉంది. వారిలో చిన్నతనంలో దెబ్బలు, నిరాదరణ అనుభవించినవారే హింసవైపు ఎక్కువగా మళ్ళారు. ఆదరణతో పెరిగినవారు మిగతా పిల్లల్లాగే ఉన్నారు. తర్వాతి పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదనీ చెప్పాలి.

మన దేశంలో మాత్రం తీర్పు ముందే వచ్చేసింది. జన్యువు అనే మాట 1909లో పుట్టింది. ఆంగ్లేయులు 1871లోనే నేరస్థ జాతుల చట్టం చేశారు! కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వచ్చినట్లే నేరమూ వస్తుందని వారి వాదన. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల వారిని స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. వేలిముద్రలు తీసుకోవడం, పోలీసు హాజరు, అనుమతి లేనిదే ఊరు దాటకూడదనడం, ఇవన్నీ ఏ తప్పూ చేయనివారికి కూడా. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఏ ఆదరణ పిల్లలను కాపాడుతుందని డునెడిన్ పరిశోధకులు చెప్పారో, దాన్నే ఈ చట్టం లాగేసుకుంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. వారిని విముక్త జాతులు అన్నారు. అయినా కొన్ని రాష్ట్రాల జైలు నియమాల్లో వారిని అలవాటు నేరస్థులుగా చూసే మాటలు మిగిలిపోయాయి. అవి చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. మేము పెట్టె తెరిపించింది ఆ తీర్పు వచ్చిన తర్వాతే.