పత్తి చేలోంచి కాలేజీకి

పత్తి తీత మొదలైందంటే మన సత్తెనపల్లి పల్లెల్లో కొందరు ఆడపిల్లలు బడి మానేస్తారు. పిల్ల కూడా చేలోకి వస్తే ఇంకాస్త కూలి వస్తుంది కదా అంటాం. ఇంట్లో ఇబ్బంది అలాంటిది. కాని తీతలు అయ్యాక ఆ పిల్ల మళ్ళీ బడికి పోతుందా?

అమెరికాలోనూ పత్తి చేలున్నాయి. ఒకప్పుడు నల్లవాళ్ళను బానిసలుగా కొని ఆ చేలలో పని చేయించారు. చాలాచోట్ల బానిసలకు చదువు నేర్పడం నేరం. 1865లో బానిసత్వం పోయింది. 1875లో మేరీ బెతూన్ పుట్టింది. ఆమె అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్ళే. మేరీ కూడా చిన్నప్పుడు పత్తి తీసింది. ఇంటిల్లిపాదిలో బడికి పోయింది ఆమె ఒక్కతే. బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి అందరికీ నేర్పేది. మన రాత్రి బడి లాగే!

1904లో ఆమె నల్లపిల్లలకు బడి పెట్టారు. చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరు. చేరింది అయిదుగురు ఆడపిల్లలు. ఆ బడే పెరిగి కాలేజీ అయింది. ఇప్పుడది యూనివర్సిటీ.

మరి మన తెలుగునాట? గుడివాడలో పెరిగిన మంజుల గారు దళితులు. చిన్నప్పుడే తల్లి పోయింది. అయినా అంత దూరం కాశీకి వెళ్ళి ఎం.ఏ. చదివారు. కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆమె కూతురు గిడ్ల సుజాత వరంగల్ ఇంజనీరింగు కాలేజీలో చదివారు. తల్లి కథ, మేనమామ కథ ఇంగ్లీషులో రాశారు. ఆ పుస్తకం 2017లో అమెరికాలో అచ్చయింది.

పది దాటాక ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఉంది. కుల పత్రం, ఆదాయ పత్రం కావాలి.

మీ పేటలో పది పాసైన ఆడపిల్లలు ఎంతమంది? వాళ్ళలో కాలేజీకి పోయేవాళ్ళు ఎంతమంది? పేర్లు రాయండి.